బావను పట్టిచ్చిన సగం లెక్క

నా మందల ముందటి గొర్రె డిండి కాడ నీళ్ళు తాగుతుంటే ఎనుకటి గొర్రె ఇంక దేవరకొండ కోట కాడ్నే ఉంటుండె. గసొంటి మందల పెరిగింది మా బిడ్డ పుష్ప. ఇంట్ల కూసోనే పట్నం కంపెనీ పని చేస్తది.

దవాఖానలల్ల మందుల చీటీలు రాసే సాఫ్ట్‌వేర్ గా కంపెనీది. కొత్త దాంట్ల తప్పు సరిజేస్తే, గా సవరణను పాత సాఫ్ట్‌వేర్‌లల్లకు మోసే మిషిని ఒకటుంది. ఒకనాడు పాత సాఫ్ట్‌వేర్ ఉన్న దవాఖానలల్ల చీటీలన్ని తలకిందులైనయి. మీసాలాయనకు కాన్పు మందు రాసిచ్చిందంట. ఆయన తాగిండు గూడ.

కంపెనీల పుష్ప మీది సారు శివకృష్ణ, నా చెల్లె కొడుకు, పుష్పకు బావ. మీటింగుల అందరినీ జూసి అన్నడు: "మిషిని మోసిన మా మరదలి సవరణే కొంప ముంచింది. గొర్లు గాసుకోమంటే ఇనకపాయె." పుష్పను సోమారం పనిల నుంచి తీసేస్తమన్నరు.

పుష్ప ఏడ్వలే, నవ్వింది. గా నవ్వుకు నేనే జర ఎనక్కి జరిగిన.

"ఏం జేస్తవ్ బిడ్డా?"

"ఎవరేం మార్చినా పేరుతోటి కంప్యూటర్ల దాసుంటది నాయినా. నిరుడు మిషిని మంచిగుంది, గిప్పుడు ఖరాబైంది. నడుమ వేల మార్పులు. దగ్గే గొర్రెను నువ్వెట్ల పడ్తవ్?"

"మందను సగం జేస్త. దగ్గు ఇనొచ్చే సగాన్ని మల్ల సగం జేస్త."

"గంతే."

నడిమి మార్పు కాడికి వోయి మిషిని నడిపిచ్చింది. మంచిగుంది. అంటే తప్పు ఆ తర్వాతి సగంలనే. దాన్ని మల్ల సగం జేసింది. చాయి సల్లారక ముందే ఒక్క మార్పు మిగిలింది. పాతదానికి కొత్తదానికి పొసగకుంటే మనిషిని అడగమనే మాట అందుల తీసేసి, అడగకుండ కొత్తదే వెట్టమని రాసుంది. మార్చినోని పేరు శివకృష్ణ.

పుష్ప ఎతుకుతుందని తెల్సి వాడే ఫోన్ జేసిండు. "మరదలా, సప్పుడు జేయకు. సాటుకు సరిజేస్త, నీ పని నేను నిలవెడ్త."

"మస్తు మంచోనివి బావా," అన్నది.

సోమారం మీటింగుల గోడంత తెర మీద గా మార్పునే సూపెట్టింది. మేనేజర్ రూప మేడం శివకృష్ణ దిక్కు జూసి, "ఈయన్ను తీసేద్దామా?" అన్నది.

"వద్దు మేడం," అన్నది పుష్ప. "మిషిని మల్ల మనిషినే అడగాలె. ఆ మనిషి మా బావ గావాలె."

మొన్న శివకృష్ణ మా ఇంట్ల బోనాలకొచ్చి ముక్క నోట్ల వెట్టుకుంటుండంగనే వాని ఫోన్ మోగింది. పుష్ప వాని కంచంల ఇంకింత షేర్వ పోసింది.

"పో బావా, మిషిని పిలుస్తాంది. కూరకు నేను మూత వెడ్త."