నల్లదిబ్బ లాబ్‌స్టర్

పదకొండు కాగానే వెల్మా తన కొట్టు కిటికీ రెక్క పైకెత్తి, కింద కర్ర ఆనిస్తుంది. అప్పటికే పెనం వేడెక్కి ఉంటుంది. పైన చీలిక ఉన్న మెత్తటి రొట్టెకు రెండు పక్కలా వెన్న రాసి, ఎర్రగా కాల్చి, ఉడికించి చల్లార్చిన లాబ్‌స్టర్ మాంసం కూరి ఇస్తుంది. అదే లాబ్‌స్టర్ రోల్. మయొనైజ్ పేరుకు మాత్రమే. ఇంకాస్త వెయ్యమని అడిగినవాళ్లను కింది నుంచి పైదాకా ఒక చూపు చూస్తుంది. రేవు చివర, ఎర చేపల పీపాల పక్కనున్న ఆ చెక్క కొట్టు ముందు వేసవంతా జనం బారులు తీరతారు.

అక్కడ రోల్ తింటే మొదటి ముద్దకే ఆ లాబ్‌స్టర్ తన సంగతంతా తినేవాళ్ల నోట చెప్పుకుంటుంది. మొన్న ఒహాయో నుంచి వచ్చిన ఒకావిడ కొరికీ కొరకగానే, "ఉత్తరపు ఇసుకలో రెండేళ్లున్నాను, కాడ్ చేప ఒకటి నా ఎడమ కాలు కొరికేసింది" అని గడగడా చెప్పేసి, మూతి తుడుచుకుని, ఇంకాసిని చిప్స్ కావాలంది. వెల్మా ఇచ్చింది. వెనకాల వరసలో ఉన్నవాళ్లు ఒకడుగు ముందుకు జరిగారు.

మా ఊరి వేటగాళ్లు మాత్రం అక్కడ తినరు. అడిగితే మొహం మొత్తిందంటారు. వట్టి బుకాయింపు. లాబ్‌స్టర్ అమ్మకానికి పనికొచ్చేంత ఎదగాలంటే ఏడేళ్లు పడుతుంది. ఈలోగా ఎర కోసం ఎన్నో బోనుల్లో దూరుతుంది. ఇత్తడి కొలబద్ద పెట్టి చూసి, పొట్టిదైతే తిరిగి నీళ్లలో వెయ్యాలి, అది చట్టం. ఏ చెయ్యి తిరిగి వేసిందో, ఏ చెయ్యి వెయ్యకుండా దాచబోయిందో దానికి గుర్తుంటుంది. మావాళ్ల భయమంతా అదే.

ఆగస్టులో ఒక మధ్యాహ్నం లియోనా కార్వర్ బకెట్ పట్టుకుని ఆ వరసను దాటుకుంటూ కిటికీ దగ్గరికొచ్చింది. ముప్పై నాలుగేళ్ల మనిషి. పదకొండేళ్లు తండ్రి లిన్‌వుడ్ పడవలో ఎర కూరింది, బోనులు తోసింది. మార్చిలో ఆయన గుండె ఆగి పోయాడు. బోను ఎవరిదో తెలిసేలా నీళ్ల మీద తేలే ఆయన పసుపు, నీలం బెండ్లకు ఆమె మళ్లీ రంగు వేసి, నలభై బోనులు సముద్రం అడుగునున్న నల్లదిబ్బ మీద దింపింది. వారం తిరిగేసరికి ప్రతి బెండు తాడుకీ రెండేసి ముడులున్నాయి.

మా తీరంలో ఎవరూ కేసులు పెట్టరు, కేకలు వెయ్యరు. పరాయివాడి తాడుకు రెండు ముడులు వేస్తారు. నీ బోను ఎత్తుకుని పో అని దానర్థం. వినకపోతే మరోసారి కత్తి. లియోనా ముడులన్నీ విప్పేసింది. మరుసటి వారం పన్నెండు తాళ్లు తెగాయి. కత్తి ఎవరిదో అందరికీ తెలుసు. రేవులో ముసలి వేటగాడు ఎమరీ మాటకు ఎదురులేదు. "లిన్‌వుడ్ ఏనాడూ నల్లదిబ్బ మీద బోను వెయ్యలేదు" అన్నాడు ఎమరీ. అది అబద్ధమని తెలిసినవాళ్లు అయిదుగురున్నారు. అయిదుగురూ తలలొంచుకుని బూట్లు చూసుకున్నారు. వాళ్లను తలుచుకుంటే నాకిప్పటికీ ఒళ్లు మండుతుంది. ఆ దిబ్బ పోతే లియోనాకు చలికాలం ముందరి వేట లేదు. ఆ వేట లేకపోతే పడవ అమ్ముకోవడమే.

"దీన్ని వండు వెల్మా. పొద్దున నల్లదిబ్బ మీద పడింది" అంది లియోనా.

వెల్మా బకెట్లోకి తొంగి చూసింది. "నిన్ననే ఇంకెక్కణ్నుంచో నడిచొచ్చిందేమో తల్లీ. నీకేం తెలుసు?"

"తెలీదు. అదే అయితే పడవ అమ్మేస్తా."

ఎమరీ పీపా మీద కూర్చుని కాఫీ తాగుతున్నాడు. ఆ అయిదుగురూ చుట్టూ ఉన్నారు. "ఏమ్మా, వేట మానేసి తిండి మీద పడ్డావా?" అన్నాడు.

"నాకు కాదు. నీకే."

పీపాల దగ్గర నవ్వులు లేచాయి. "నాకు లాబ్‌స్టరంటేనే మొహం మొత్తింది" అన్నాడు ఎమరీ.

"నేను తింటే కల్పించానంటావు, అందుకే నువ్వు తినాలి. మా నాన్న అక్కడ బోను వెయ్యనే లేదన్నావు కదా, మరి నీకేం బెంగ? తిను. లేదా భయమేస్తోందని ఇంతమందిలో చెప్పు."

"భయమా? నాకా? అరవై ఎనిమిదేళ్లొచ్చాయే నాకు!"

"నా రోల్ వయసు చూడదు" అంది వెల్మా కిటికీలోంచి.

లాబ్‌స్టర్ ఉడికి, మంచులో చల్లారేదాకా వరసలోంచి ఒక్కరూ కదల్లేదు. వెల్మా రోల్ తెచ్చి ఎమరీ చేతిలో పెట్టింది. అతను కొరికి, పెదాలు బిగబట్టి నమిలాడు. చేత్తో మూతి కూడా మూసుకున్నాడు. ఏం లాభం? చెయ్యి దానంతటదే జారిపోయింది.

"నల్లదిబ్బ పడమటి వంపులో, గుండ్రాళ్ల కింద పెరిగాను" అంది అతని నోరు. "పసుపు, నీలం బెండు కింద మొదటి ఎర తిన్నాను. లిన్‌వుడ్ కొలిచి నీళ్లలో వేశాడు. మరుసటేడూ అక్కడే, ఆయనే. ఆ తర్వాత ఎమరీ బోనులో పడ్డాను. గోరంత పొట్టి. ఫ్లాస్కు సంచిలో దాచాడు. గస్తీ పడవ కనబడేసరికి గిరాటేశాడు."

ఒహాయో, బోస్టన్, ఎక్కడెక్కడివాళ్లో పగలబడి నవ్వారు. ఎమరీ మెడ దాకా ఎర్రబడ్డాడు. నోరు మాత్రం ఆగలేదు.

"మళ్లీ లిన్‌వుడ్ చేతికే చిక్కాను. ఆ రోజు ఆయన ఒక్కడే ఉన్నాడు. కూతురికి జ్వరం. నన్ను అరచేతిలో పెట్టుకుని, 'ఇంకొక్క ఏడాది పెరుగు. ఈ దిబ్బ నా తర్వాత మా లియోనాది. దానికి దొరుకు' అన్నాడు."

గొంతు ఎమరీదే. మాట మాత్రం ఆయనదే, ఆ విరుపుతో సహా. లియోనా కిటికీ చెక్క పట్టుకుంది. ఏడవలేదని నేను చెప్పను. ఏడ్చింది. కళ్లు తుడుచుకోకుండా, ఎమరీనే చూస్తూ ఏడ్చింది.

ఆ అయిదుగురిలో ఒకడు గొంతు సవరించుకున్నాడు. "నేనూ చూశాను. ఇరవయ్యేళ్లు వేశాడక్కడ."

"ఇప్పుడా నీకు మాటొచ్చింది?" అంది లియోనా. అతను మళ్లీ బూట్లు చూసుకున్నాడు. ఎమరీ మిగిలిన రోల్‌ను కాగితంలో చుట్టబోయాడు. "మొత్తం తిను. దాన్ని ఊరికే పోనివ్వను" అంది లియోనా.

ఎమరీ తిన్నాడు. కాగితానికంటిన ముక్క కూడా తిన్నాడు. లియోనా నిచ్చెన దిగి పడవ ఇంజను వేసింది. పడవ వెనక పన్నెండు కొత్త బోనులు పేర్చి ఉన్నాయి. పొద్దున్నే పేర్చుకుంది.

ఎమరీ రేవు అంచుకొచ్చాడు. గొంతులో మునుపటి జోరు లేదు. "పడమటి వంపులో వెయ్యకు, అక్కడ నా బోనులున్నాయి" అని కేకేశాడు.

"అయితే తీసెయ్" అంది లియోనా, పడవ తిప్పుతూ.

ఆ సాయంత్రమే అతను తీసేశాడు.