ఇంట్లో కరిగిపోయిన సంచి

ఆమెకు కన్నవాళ్ళు పెట్టిన పేరు ఒకటి ఉంది గానీ, పాటల బృందంలో చేరిన కొత్తలోనే అది మూలపడింది. అప్పటినుంచీ అందరికీ ఆమె సంచక్క. కీబోర్డు వాయించేది. బాగానే వాయించేది. అయినా ఆమె మాట వస్తే ఎవరికీ ఆమె వేళ్ళు గుర్తొచ్చేవి కావు, భుజాన వేలాడే మందపాటి గుడ్డసంచి గుర్తొచ్చేది. స్టేజీ మీద ఏది తెగినా, ఊడినా, చిరిగినా అందరి నోటా ఒకటే కేక: "సంచక్కా!"

ఆ బృందం చెదిరిపోయి చాలాకాలమైంది. వాళ్ళు వారం వారం వాయించే హోటలు చేతులు మారింది. కొత్త యజమాని పాటలు ఆపించి గోడకు పెద్ద టీవీ తగిలించాడు. డ్రమ్ముల ఆయనకు భుజం నొప్పి పట్టుకుంది. సంచక్క సొంత తమ్ముడే బృందంలో గాయకుడు. అతను కళ్ళజోళ్ళ షాపులో ఉద్యోగానికి కుదురుకుని, గడ్డం గీసుకునేటప్పుడు తప్ప పాడటం మానేశాడు. సంచక్క పెళ్ళి చేసుకోలేదు. తమ్ముడి కుటుంబం మేడమీద, ఆమె కింద. ముందుగదిలో పిల్లలకు కీబోర్డు నేర్పుతూ కాలం గడుపుతోంది.

ఒక మధ్యాహ్నం తమ్ముడి కూతురు చెప్పులైనా విడవకుండా లోపలికి దూసుకొచ్చింది. చిన్నప్పుడు ఎప్పుడూ ఈలలు వేస్తూ తిరిగేదని ఇంట్లో అందరూ ఆ అమ్మాయిని పిచ్చుక అంటారు. ఇప్పుడు గిటారు వాయిస్తుంది, పాడుతుంది.

"అత్తా, నీ సంచి కావాలి."

"ఏ సంచే? కూరలదా?"

"అబ్బా, అది కాదు. నీ సంచి! రేపు పొద్దున్నే మా బ్యాండు వ్యాన్లో బయల్దేరుతోంది. వరసగా నాలుగు ఊళ్ళలో ప్రోగ్రాములు. ఇన్నాళ్ళూ ఈ చుట్టుపక్కలే వాయించాం కాబట్టి ఏదైనా చెడిపోతే ఇంటికి పరుగెత్తుకొచ్చేవాళ్ళం. రేపట్నుంచి ఎక్కడికి పరుగెత్తాలి? నాన్ననడిగితే ఒకటే మాటన్నాడు. గిటారు మర్చిపోయినా పర్లేదు, మీ అత్త సంచి లేకుండా మాత్రం ఊరు దాటకు అని."

సంచక్కకు నవ్వొచ్చింది. "ఆ సంచి విలువ తనకెలా తెలిసిందో చెప్పాడా మీ నాన్న?"

"లేదే."

"చెప్పడు. ఏ మొహం పెట్టుకుని చెప్తాడు!"

అటక మీద వెతికితే సంచి దొరికింది. మందపు గుడ్డతో కుట్టిన పట్టీ ఇంకా గట్టిగానే ఉంది. లోపల మాత్రం ఏమీ లేదు. పిచ్చుక దాన్ని తిరగేసి దులిపితే ఇంత దుమ్ము రాలి, ఆ దుమ్ములో ఒక గుండీ దొర్లింది.

"ఎవరో ఖాళీ చేసేశారత్తా."

"ఎవరో కాదే, నేనే." సంచక్క సంచిని ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. బృందం ఆగిపోయిన ఏడాదే వంటింట్లో పెనం పిడి ఊగుతోందని స్క్రూడ్రైవరు తీసింది. కరెంటు పోయిన రోజున టార్చి తీసింది. కొళాయి కారుతోందని టేపు, గుమ్మం గడియ బిగించడానికి పట్టకారు. తీసిన ప్రతిసారీ రేపు మళ్ళీ సంచిలో పెట్టేద్దామనే అనుకుంది. ఎక్కడికీ పోకుండానే సంచి మొత్తం ఈ ఇంట్లోనే కరిగిపోయింది.

"లే. నీళ్ళలో కరిగిన చక్కెర కాదు కదా, వెతికితే దొరుకుతుంది," అంది.

ఇద్దరూ గది గదీ గాలించారు. స్క్రూడ్రైవరు వంటింటి సొరుగులో గరిటెల మధ్య పడుకుని ఉంది. దాని పిడికి చుట్టిన ఎర్రదారం ఇంకా ఊడలేదు. టార్చి స్నానాలగదిలో అద్దం వెనక దొరికింది. నల్లటేపు సగం బకెట్టు పిడికి చుట్టుకుపోయింది, మిగతా సగం కరెంటు మీటరు పెట్టె మీద ఉంది. పట్టకారు ఏమైందో అంతుబట్టలేదు. చివరికి చూస్తే, కిటికీ రెక్క గాలికి కొట్టుకోకుండా చీలగా దాన్నే దూర్చి ఉంచింది. ఎన్నేళ్ళ కిందట దూర్చిందో ఆమెకే గుర్తులేదు. లాగేసరికి కిటికీ దభాలున మూసుకుంది.

సంచక్క బాల్కనీలోకి వెళ్ళి తీగ మీద బట్టల క్లిప్పులు గుప్పెడు లాగి సంచిలో వేసింది.

"ఇవెందుకత్తా? స్టేజీ మీద బట్టలుతుకుతామా?"

"స్వరాల కాగితాలకి. ఆరుబయట గాలొస్తే కాగితాలు నిలుస్తాయా?"

"మేం కాగితాలు వాడం. అంతా టాబ్లెట్‌లోనే."

"గాలికి ఎగరదేం?"

"ఎగరదు."

"చార్జింగు పోదా?"

"...పోతుంది."

"అయితే కాగితాలూ పెట్టుకో, క్లిప్పులూ పెట్టుకో." అంటూనే సంచక్క క్లిప్పులు లాగిన తీగ వైపు చూస్తూ ఉండిపోయింది. బృందం రోజుల్లో ఒకసారి మైదానంలో సాయంత్రం పూట వాయిస్తుంటే గాలిదుమారం లేచి, కాగితాలన్నీ కొంగల గుంపులా జనం తలల మీదుగా ఎగిరిపోయాయి. ముందువరసలో ఉన్న ముసలామె ఒకటి పట్టుకుని, తలకిందులుగా పట్టుకుని మరీ, శ్రద్ధగా చదవసాగింది. ఆ మర్నాడే బజారుకెళ్ళి మొదటి క్లిప్పులు కొనుక్కొచ్చింది సంచక్క. "అప్పటికి నీ అంత ఉంటాను," అంది గట్టిగానే.

తర్వాత బట్టల బీరువాలోంచి పిన్నీసుల డబ్బా తెచ్చింది. అది చూడగానే తనలో తనే నవ్వుకోవడం మొదలుపెట్టింది.

"చెప్పత్తా, నాన్న సంగతే కదూ?"

"మీ నాన్నకి అప్పట్లో మఖమల్ ప్యాంటొకటి ఉండేది. ఊపిరి బిగబట్టి తొడుక్కునేవాడు. ఓ పాటలో హుషారొచ్చి మోకాలు మడిచి కూర్చున్నాడు. వెనకాల సర్రుమంది. ఇంక ఆ పాటంతా గోడకి బల్లిలా అతుక్కునే పాడాడు. మధ్యలో గిటారొక్కటే మోగేటప్పుడు నేను మెల్లిగా వాణ్ణి గోడ నుంచి కాస్త జరిపి వెనకాల పిన్నీసులు పెట్టడం మొదలెట్టాను. మూడోది పెడుతుండగా పాట మళ్ళీ ఎత్తుకున్నాడు. సరిగ్గా పైస్వరం దగ్గర నా చెయ్యి జారి గుచ్చుకుంది."

"అయ్యో!"

"అయ్యో ఏంటే, వాడి జన్మలో అందుకోని స్వరం అది! హాలు చప్పట్లతో హోరెత్తిపోయింది. మళ్ళీ పాడమన్నారు. వీడు ససేమిరా అన్నాడు."

పిచ్చుక నేల మీద పడి దొర్లింది. మేడమీంచి తమ్ముడి గొంతు వినిపించింది: "అక్కా, అన్నీ చెప్పకు!"

పాత డబ్బా ఒకటి తెరిస్తే చిన్నచిన్న మరలు, ఫ్యూజులు, గిటారు మీటే బిళ్ళలు దొరికాయి. వాటి అడుగున చుట్ట చుట్టిన లావుపాటి తీగ ఒకటి ఉంది.

"ఇది బేసు గిటారు తీగ కదా? ఎవరిదత్తా?"

"మౌనస్వామిది."

బేసు గిటారు వాయించే అతనికి బృందం పెట్టిన పేరది. నోట్లోంచి మాట రాలితే ముత్యం పోతుందన్నట్టుండేవాడు. ఏ స్టేజీ మీదైనా సంచక్కకు ఎడమపక్కనే నిలబడేవాడు. బేసు తీగలు వాడగా వాడగా గొంతు పూడుకుపోయినట్టు మొద్దుబారతాయి. కొత్తవి కొనడం ప్రతిసారీ కుదిరేది కాదు. అందుకని అతను పాత తీగల్ని నీళ్ళలో మరగబెట్టేవాడు. జిడ్డు వదిలి మళ్ళీ కొన్నాళ్ళు ఖంగుమనేవి. ఒకసారి హోటలు వంటగదిలోకి వెళ్ళి పొయ్యి మీద గిన్నె పెట్టాడు. వంటమనిషి మూత తీసి చూసి హడలిపోయి, "ఏం వండుతున్నావయ్యా?" అని అరిచాడు.

"పాత పాట," అన్నాడు మౌనస్వామి.

ఆ నెలలో అతను మాట్లాడింది అదొక్కటేనని బృందంలో అందరూ చెప్పుకుని చెప్పుకుని నవ్వేవాళ్ళు. తర్వాత అతను చెల్లెలి దగ్గరికని వేరే ఊరు వెళ్ళాడు. అక్కడే జబ్బుచేసి పోయాడు. కబురు ఆలస్యంగా అందింది.

"నువ్వూ ఆయనా..." అని పిచ్చుక ఆగింది.

"నేనూ అతనూ అని ఏం లేదే. చెక్క స్టేజీ మీద అతను వాయిస్తుంటే అరికాళ్ళలోంచి తెలిసేది. నేను తాళం లెక్కపెట్టుకోవాల్సిన పని ఉండేది కాదు. అంతే." సంచక్క తీగను మళ్ళీ చుట్టచుట్టింది. "ఇది నీకు పనికిరాదు, ఇలా తే," అని తన దిండు పక్క సొరుగులో పెట్టేసింది.

మిగతావి ఇద్దరూ బజారుకెళ్ళి తెచ్చారు. గిటారు తీగలు, చదరపు బ్యాటరీలు, రెండు వైర్లు, ఒక పొడవాటి ఎక్స్‌టెన్షన్ బాక్సు, బ్లేడు, సూదీదారం, గొంతుకి మిఠాయిబిళ్ళలు. ఫోను చార్జర్లూ పెన్‌డ్రైవూ పిచ్చుక తెచ్చుకుంది. సంచక్కకు తెలియని సామాను అవి మాత్రమే.

పొద్దున్నే గేటు ముందు వ్యాను ఆగింది. డ్రమ్ములు వాయించే జులపాల కుర్రాడు సంచి ఎత్తి, "అత్తయ్యగారూ, ఇందులో ఇంకో డ్రమ్ము పెట్టారా ఏంటి?" అన్నాడు.

"బరువుంటే నాకియ్యి నాయనా, మోసి మోసి అలవాటే. కానీ డ్రమ్ముల కింద మాత్రం పెట్టకు. చేతికందేచోట ఉండాలి." తర్వాత మేనకోడలి వైపు తిరిగింది. "వాడుకున్నది మళ్ళీ అందులోనే వెయ్యి. నాలా చెయ్యకు."

వ్యాను మలుపు తిరిగాక లోపలికి వచ్చింది. ఇల్లు బోసిపోయింది. కిటికీ రెక్క టపటపా కొట్టుకుంటోంది. పెనం పిడి ఊగుతోంది, బిగించడానికి స్క్రూడ్రైవరు లేదు. ఉతికిన బట్టలు తీగ మీంచి ఒక్కొక్కటే జారి కింద పడుతున్నాయి. ఆ రోజు ఏ పని ముట్టుకున్నా చెయ్యి సంచి వైపే వెళ్ళింది.

మర్నాడు సాయంత్రం, పాఠానికి వచ్చిన పిల్లలు వెళ్ళిపోయాక, ఫోను మోగింది. అవతల పిచ్చుక.

"అత్తా, కొంప మునిగింది! గిటారు పట్టీ తగిలించే మర ఊడిపోయింది. చెక్కలో కన్నం పెద్దదైపోయింది, మర ఎంత తిప్పినా నిలవట్లేదు. ఇంకాసేపట్లో స్టేజీ ఎక్కాలి."

"గిటారు పడిందా?"

"కాలిమీద పడింది. గిటారుకేం కాలేదు."

"మంచి కాలే. ముందు గుక్క తిప్పుకో." సంచక్క నిలబడింది. "కన్నంలో పుల్లముక్కలు కూరి మర బిగించాలి. అగ్గిపుల్లలుంటే..." అని ఆగి నుదురు కొట్టుకుంది. "అయ్యో, అగ్గిపెట్టె పెట్టడం మర్చిపోయానే!"

"ఇక్కడెవరి దగ్గరా లేదు. టేపు చుట్టెయ్యనా?"

"టేపు బరువాగదే. మీ డ్రమ్ముల కుర్రాడి పుల్లలు అంచుల్లో పెచ్చుల్లేచి ఉంటాయి చూడు. బ్లేడుతో సన్నగా రెండు పేళ్ళు చీల్చుకో."

అవతల ఏదో గొడవ వినిపించింది. "నా పుల్లలా!" అని కుర్రాడు లబలబలాడాడు. ఎవరో అతణ్ణి కసిరారు. కాసేపు చెక్క గీకిన చప్పుడు.

"కూరావా? పైకి పొడుచుకొచ్చింది తుంచెయ్. ఇప్పుడు మర పెట్టి మెల్లిగా తిప్పు. బలం చూపించకు, చెక్క చీలుతుంది."

"పట్టుకుంటోందత్తా... పట్టుకుంది! లాగినా రావట్లేదు!" ఇంతలో ఎవరో పిలిచారు. "వస్తున్నా! అత్తా, ఉంటా..."

ఉంటానంది గానీ ఫోను పెట్టెయ్యలేదు. హడావుడిలో అలాగే సంచిలో పడేసినట్టుంది. గలగలమని మరల డబ్బా చప్పుడు, గుడ్డ రాసుకున్న చప్పుడు, దూరంగా జనం. సంచక్క "ఒసేయ్ పిచ్చుకా" అని రెండుసార్లు పిలిచింది. తర్వాత పిలవలేదు. మెట్ల దగ్గరికి వెళ్ళి, "ఒరేయ్, కిందికి రా! మాట్లాడకుండా రా!" అని తమ్ముణ్ణి కేకేసింది.

అతను ఏమైందోనని కంగారుగా దిగాడు. ఆమె వేలు పెదవుల మీద పెట్టి, ఫోను బల్ల మీద పెట్టి, స్పీకరు నొక్కింది. ఇద్దరూ చెరో కుర్చీలో ముందుకు వంగి కూర్చున్నారు.

పాట మొదలైంది. నీళ్ళ అడుగునుంచి వస్తున్నట్టుంది. ఒకచోట తెగుతోంది, మళ్ళీ అతుక్కుంటోంది. గుడ్డసంచి గోడల్ని దాటుకుని పిచ్చుక గొంతు సన్నగా పైకి లేచింది. తమ్ముడు కళ్ళజోడు తీసి చొక్కాతో తుడవడం మొదలుపెట్టాడు. అద్దాల పని చేసేవాడు చొక్కాతో ఎప్పుడూ తుడవడు.

ఫోనులో బేసు గిటారు అసలు వినపడలేదు. అంత చిన్న స్పీకరులోంచి ఎలా వినపడుతుంది? అయినా సంచక్క కాలు నేల మీద దాన్ని తనే వాయించుకుంటోంది, ఎడమపక్కకి కాస్త ఒరిగి.

"పరిగెత్తుతోందక్కా," అన్నాడు తమ్ముడు గుసగుసగా. "తాళం కంటే ముందు పోతోంది."

"నువ్వు నడిచావా ఏనాడైనా?"

"నేను అంత ఘోరంగా లేను."

"అంతకంటే ఘోరం. ఊరుకో, చరణం వస్తోంది."

చరణంలో అమ్మాయి కుదురుకుంది. పాట అయిపోగానే వచ్చిన చప్పట్లు ఫోనులో వానలా వినిపించాయి. రెండో పాట ఎత్తుకోగానే లైను తెగిపోయింది.

"బానే పాడింది," అన్నాడు తమ్ముడు.

"బానే ఏంటిరా, బాగా పాడింది."

"సరే, బాగా పాడింది."

సంచక్క లేచి దీపం వేసింది. "చివరి ఊరు మరీ దూరమేం కాదనుకుంటా. పొద్దున బయల్దేరితే సాయంత్రానికి అందుకోవచ్చేమో. బస్సులున్నాయేమో కనుక్కోరా."

"ఉన్నాయి," అన్నాడు తమ్ముడు కళ్ళజోడు పెట్టుకుంటూ. "నిన్ననే కనుక్కున్నాను. కిటికీ పక్క సీటు మాత్రం నాదే."