పిట్ట ఉమ్మేసిన సీతాకోకచిలుక

ఊరినుంచి భార్య రెడ్డెమ్మ పంపిన నువ్వుండలు డబ్బాలో తగ్గిపోతున్నాయి. తను అన్ని తినలేదని సిద్ధయ్యకు తెలుసు. ఈ ఎడారి దేశంలో, మంగఫ్ గదిలో అతనితో ఉండేది ఇద్దరే: జగిత్యాల కొమురెల్లి, రాయచోటి మస్తాన్ వలి. అడిగితే తేలిపోతుంది. కానీ అడిగాక ఎదుటివాడి ముఖం ఎలా మారుతుందో చూడాలి. ఆ చూడటమే అతనికి చేతకాదు. మళ్లీ ఊరినుంచి ఎవరైనా వచ్చేదాకా ఉండలు ఉండాలి, గదిలో మాటా ఉండాలి. రెండూ ఎలా నిలబెట్టుకోవాలో తెలియక డబ్బా మూత గట్టిగా బిగించేవాడు.

అతని పని దగ్గర్లోని ఫింటాస్‌లో, వీసా ఇచ్చిన యజమాని, కఫీల్, ఇంటి వెనక అద్దాల గదిలో. మామాకు, అంటే ఇంటావిడకు, సీతాకోకచిలుకల పిచ్చి. గూళ్లలో ఉండగానే మలేషియా నుంచి తెప్పిస్తుంది. అరచేయంత నల్లటి రెక్కలు, నెత్తురు రంగు ఒళ్లు, వెనక రెక్కలకు తోకలు. మొక్కలకు నీళ్లు పెట్టి, లోపల తేమ తగ్గకుండా చూడటం సిద్ధయ్య వంతు.

ఒకరోజు తలుపు సందులోంచి బుల్‌బుల్ పిట్ట దూరింది. అతను పైపు వదిలేసి పరుగెత్తేలోపే ఒకదాన్ని ముక్కున కరిచింది. మరుక్షణం ఉమ్మేసింది. ముక్కును కొమ్మకేసి ఇటూ అటూ రుద్దుకుంది. సీతాకోకచిలుక చిరిగిన రెక్కతోనే ఎగిరిపోయింది.

వెనకే వచ్చిన మామా నవ్వి, వచ్చీరాని హిందీలో చెప్పింది. "ఖలాస్, సిద్ధయ్యా. ఇక ముట్టదు. పురుగుగా ఉన్నప్పుడు ఇవి విషపు ఆకు తింటాయి. ఒళ్లంతా చేదే." తర్వాత అచ్చం అలాంటిదే మరోదాన్ని చూపించింది. "దీనికి విషం లేదు. ఆ రంగులు వేసుకుని బతికిపోతుంది."

పిట్ట నిజంగానే దేన్నీ ముట్టలేదు. అన్నిటి మధ్యా కూర్చుని అద్దంలోంచి బయటికి చూస్తోంది.

ఆ సాయంత్రం సిద్ధయ్య బకాలా కొట్లో మెంతిపొడి, మెరిసే ఎర్ర కాగితం కొన్నాడు. బెల్లంలో మెంతిపొడి దట్టించి రెండు ఉండలు చుట్టి, ఎర్ర కాగితంలో పొట్లం కట్టి డబ్బాలో అన్నిటికన్నా పైన పెట్టాడు. మర్నాడు కొమురెల్లి నీళ్లు పుక్కిలిస్తూ కనిపించాడు. "పన్ను నొస్తున్నది," అన్నాడు అడక్కుండానే. సిద్ధయ్య ముఖం తిప్పుకుని నవ్వుకున్నాడు. మిగిలిన మంచి ఉండలన్నిటికీ అదే కాగితం చుట్టేశాడు.

దొంగతనం ఆగింది. మొదట్లో సంబరంగా ఉండేది. తర్వాత, మూత తీసినప్పుడల్లా ఆ నిండుదనం అతన్ని ఇబ్బంది పెట్టసాగింది. తన ఇంటి రుచి ఈ గదిలో ఇంకొకరికీ తెలుసన్న ఊహ ఇన్నాళ్లూ కోపం అడుగున తనకు తోడుగా ఉండేదని ఇప్పుడు తోచింది. డబ్బా ఉన్న అలమర వైపు కూడా ఎవరూ చూడటం లేదు.

శుక్రవారం మధ్యాహ్నం, అన్నాలయ్యాక, ఒక పొట్లం విప్పి కొమురెల్లి ముందుకు చాచాడు.

"తిను."

"నాకొద్దన్నా. షుగరున్నది."

"పొద్దున టీలో నాలుగు స్పూన్లు ఏసుకుంటివి కదప్పా."

"గది చాయ షుగరన్నా. గదేం చెయ్యది."

సిద్ధయ్య ఉండను విరిచి సగం తన నోట్లో వేసుకుని నమిలాడు. కొమురెల్లి అతని ముఖాన్నే చూస్తూ కూర్చున్నాడు. ఈసారి సిద్ధయ్య చూపు తప్పించలేదు. అతను మింగాక, కొమురెల్లి మిగతా సగం అందుకుని, వాసన చూసి, అంచున కొరికాడు.

"తియ్యగనే ఉన్నది," అన్నాడు.

"మరి పన్ను నొప్పి?"

కొమురెల్లి నవ్వాపుకోలేక నువ్వులన్నీ పరుపు మీద చిందించాడు.

పై మంచం మీంచి మస్తాన్ వలి చెయ్యి కిందికి వేలాడింది. "నాకూ ఒగటి ఇయ్యి సిద్ధన్నా. ఆ దినం రెండోది తినింది నేనే. కడుపులో పురుగులకు వదిన పంపిన మందేమో అనుకొని మింగేసినా."