ఆయన దిండు గలీబు

బస్సు దిగగానే మా ఆడపడుచు "వదినా, సముద్రం!" అని నా భుజం పట్టుకు ఊపేసింది. నేను దుప్పట్లు చూస్తున్నాను. పాత కోట గోడకీ ఎదురింటి కిటికీకీ తాడు కట్టి ఎవరో దుప్పట్లు ఆరేశారు. సరిగ్గా పిండలేదు, చివర్ల నుంచి నీళ్ళు కారుతున్నాయి. ముప్పై ఒక్కేళ్ళు లాడ్జి నడిపినదాన్ని, నా కళ్ళు ఇంకెక్కడికి పోతాయి?

లాడ్జి అంటే పెద్దదేం కాదులెండి. రైల్వే స్టేషన్ వెనక పద్దెనిమిది గదులు. కింద కౌంటర్లో తాళాలు ఆయనవి, పైన పక్కలు నావి. ఆయన నవ్వుతూ జనాన్ని పైకి పంపేవారు, వాళ్ళు వెళ్ళాక వాళ్ళ మరకలతో నేను కుస్తీ పట్టేదాన్ని. ఇన్నేళ్ళలో మేమిద్దరం ఇంకొకళ్ళ లాడ్జిలో ఒక్క రాత్రి పడుకున్న పాపాన పోలేదు. "మనకి ఎవరైనా పక్క వేస్తే ఎలా ఉంటుందో ఒక్కసారి చూడాలే" అనేవారు. అందుకే ఈ నడక యాత్రకి ఇద్దరి పేర్లూ ఇచ్చారు. ఈ ఊరి రేవులో మొదలై, తొమ్మిది రోజులు సముద్రం ఒడ్డునే నడిస్తే కొండ మీది పుణ్యస్థలం వస్తుంది.

పేర్లిచ్చిన పదో రోజు ఆయన కౌంటర్లో కూర్చున్నవారు కూర్చున్నట్టే పోయారు. చేతిలో ఏడో నంబరు గది తాళం. ఆ గదిలో దిగినాయన "సార్, తాళం" అని రెండుసార్లు అడిగాడట.

అది జరిగి మూడు నెలలు. నాకు ఏడుపు రాలేదు. ఒక్క చుక్క కూడా రాలేదు. "రాయి" అన్నారు చుట్టాలు, నా వెనకే, నాకు వినపడేలా. మామూలుగా అయితే వాళ్ళని కడిగి ఆరేసేదాన్ని. అప్పుడు కోపం కూడా రాలేదు. తిన్నాను, పడుకున్నాను, లేచి పద్దెనిమిది గదుల్లో పక్కలు వేశాను. పన్ను పీకడానికి మత్తిచ్చి డాక్టరు భోజనానికి వెళ్ళిపోయినట్టుంది నా పని.

ఒక్క చోట మాత్రం ఏదో కదిలేది. ఆయన దిండు గలీబు దగ్గర.

ఆయన పదిహేను రోజులకోసారి, ఆదివారం, జుట్టుకి రంగేసుకునేవారు. ఆరేదాకా ఆగాలా? అబ్బే, దిండు మీద తల వాల్చేసేవారు. తెల్ల గలీబుల మీద నల్ల మరకలు. పోట్లాడి పోట్లాడి నా తల ప్రాణం తోకకొచ్చి, చివరికి ఒక గలీబు ఆయన పేరున రాసిచ్చేశాను. దాని ఎడమ మూల అరచేయంత మరక. నేను దానిమీద చెయ్యని ప్రయోగం లేదు. నిమ్మకాయ, సోడా, బ్లీచింగు, సబ్బుల కంపెనీవాళ్ళు టీవీలో చూపించినవన్నీ. ఊహూఁ.

"ఎప్పటికైనా దీన్ని వదిలించి మీ మొహం మీద పరుస్తాను, చూడండి" అనేదాన్ని.

"నువ్వు వదిలించిన రోజు నేను రంగెయ్యడం మానేస్తా. ముసలి మొగుడితో తిరుగుదువుగాని" అనేవారు.

ఆయన పోయాక ఆ గలీబు ఉతకలేదు. ఒక మనిషి పడుకున్న గలీబు మర్నాటికల్లా నీళ్ళలో పడకపోతే ఊపిరాడని దాన్ని, మూడు నెలలు ఉతకలేదు. దాంట్లో మొహం పెట్టుకుంటే రంగు వాసన, చెమట వాసన, ఆయన వాసన. అప్పుడు గుండెల దగ్గర ఎక్కిలి వచ్చేముందు అవుతుందే, అలా అయ్యేది. వచ్చేది కాదు. వచ్చేలా మాత్రం ఉండేది. అందుకని దాన్ని సంచీలో పెట్టుకుని వచ్చాను. ఈ తొమ్మిది రాత్రులూ దాని మీదే పడుకుంటే ఎక్కడో ఒక చోట ఏడుస్తానని నా ఆశ. ఆ వాసన కూడా పోయిందంటే ఇక నాలో ఏమీ మిగల్లేదన్నమాటే. దేవుడి మీద భక్తితో వచ్చానని అబద్ధం చెప్పను.

ఆయన బదులు మా ఆడపడుచు బయల్దేరింది. దానికి అన్నయ్యంటే ప్రాణం. బస్సులో ఏడ్చింది, టీ తాగుతూ ఏడ్చింది, రేవులో లైట్‌హౌసు చూసి "అన్నయ్య ఉంటే పైకెక్కేవాడు" అని ఏడ్చింది. "నా వాటా కూడా నువ్వే కానిచ్చెయ్ తల్లీ" అన్నాను.

యాత్ర ఆఫీసు రేవు పక్కనే. ఒకప్పుడు ఓడ సరుకులకి సుంకం కట్టించుకున్న భవనమట. గుమాస్తా పుస్తకం తీసి ఆయన పేరు మీద స్కేలు పెట్టి గీత కొట్టాడు. శుభ్రంగా కొట్టాడు, ఎక్కడా వంకర లేదు. పక్కన మా ఆడపడుచు పేరు రాసి, మా ఇద్దరికీ చెరో చేతికర్ర ఇచ్చాడు.

"పొద్దున ఎనిమిదికి రేవులో సున్నా మైలురాయి దగ్గర గంట కొడతారమ్మా. మొదటి రెండు మైళ్ళూ ఇసుక మీదే, సముద్రం వెనక్కి తగ్గినప్పుడే దాటాలి. తొమ్మిది దాటిందా, నీళ్ళొచ్చేస్తాయి. మళ్ళీ మర్నాడే."

సాయంత్రం కోట చూపించారు. తుప్పు పట్టిన ఫిరంగులు, ఐదొందల ఏళ్ళ యాత్రికుల పాదాలకి మధ్యలో అరిగిపోయిన మెట్లు. అందరూ ఆ మెట్లకి దండం పెట్టారు. నేనూ పెట్టాను. చెయ్యెత్తమంటే ఎత్తాను, దించమంటే దించాను.

యాత్రికుల లాడ్జిలో మాది రెండు మంచాల గది. మేనేజరు అటు తిరగగానే తలుపు చట్రం పైన వేలు పెట్టి చూశాను. దుమ్ము లేదు. దుప్పటి మూలలు పరుపు కిందికి గట్టిగా మడిచారు. గలీబులు తెల్లగా, గంజి పెట్టినట్టున్నాయి. ఈ లాడ్జిలో పని తెలిసిన మనిషి ఎవరో ఉన్నారనుకున్నాను. మనసులోనే ఒప్పుకున్నాను, పైకి అనలేదు. వాళ్ళ గలీబు మడతపెట్టి పక్కనపెట్టి, ఆయనది నా దిండుకి తొడిగాను. మొహం పెట్టుకున్నాను. ఎక్కిలి వచ్చేలా వచ్చి ఆగిపోయింది. నిద్రపోయాను.

పొద్దున ఎనిమిదికి రాయి దగ్గర నిలబడ్డాం. మోకాలెత్తు రాయి, దాని మీద సున్నా. నలభైమంది దాకా ఉన్నారు. గంట కొట్టారు. జనం ఇసుకలోకి దిగారు. నేను అలవాటుగా సంచీ పక్క అర తడుముకున్నాను, గలీబు ఉందో లేదోనని.

లేదు.

"ఏంటి వదినా?"

అప్పుడు గుర్తొచ్చింది. గుర్తు రావడమంటే, నా చేతులు చేసిన పని నాకు కనిపించింది. అయిదింటికి లేచాను. మా లాడ్జిలో లేచినట్టే లేచాను. పనావిడ వచ్చేలోగా పక్కలు తీసేశాను. దుప్పట్లు రెండు, గలీబులు మూడు, మూట కట్టి వరండాలో ఉతుకుబట్టల బుట్టలో పడేశాను. ముప్పై ఒక్కేళ్ళుగా రోజూ చేసినట్టే. చేసి చేతులు దులుపుకున్నాను కూడా.

ఓరి నా చేతులు పడిపోనూ!

పరిగెత్తాను. ఈ మోకాళ్ళతో. మా ఆడపడుచు రెండు కర్రలూ పట్టుకుని "వదినా, ఆగు, నీళ్ళొచ్చేస్తాయి!" అంటూ నా వెనక. పరిగెడుతూ నాకు నేనే చెప్పుకుంటున్నాను. బుట్ట ఇంకా అక్కడే ఉండి ఉంటుంది. ఉతికేసి ఉంటే? ఉతికితే వాసన పోతుంది, పోనీ. మరక ఉంటుంది. ఆ మరక పోదు. ఆ సంగతి నాకు తెలిసినట్టు ఎవరికీ తెలీదు. మరక చాలు. మరక మీద మొహం పెట్టుకుంటాను.

వరండాలో బుట్ట ఖాళీ. పెరట్లోకి వెళ్ళాను. రెండు మెషీన్లు తిరుగుతున్నాయి. తాళ్ళ మీద వరసగా తెల్ల గలీబులు. వాటి మధ్య నా ఈడు ఆవిడ, చీర కుచ్చిళ్ళు పైకి దోపుకుని, నోట్లో క్లిప్పులు పెట్టుకుని ఆరేస్తోంది. తలుపు చట్రం మీద దుమ్ము లేకపోవడానికి కారణం ఈవిడేనని చూడగానే తెలిసిపోయింది.

"మా గలీబు... మరకున్నది..." ఊపిరాడక అంతే అనగలిగాను.

ఆవిడ నోట్లో క్లిప్పులు తీసి నవ్వింది. "అది మీదా? కుట్టు చూసి మాది కాదనుకున్నాను. విడిగా పెట్టాను, ఉండండి."

గుమ్మం పక్క కుర్చీ మీద మడతపెట్టి ఉన్న గలీబు తెచ్చి నా చేతిలో పెట్టింది. కుట్టు నాదే, అడ్డంగా రెండు వరసలు. తడిగా ఉంది. ఎడమ మూల విప్పాను. కుడి మూల విప్పాను. తిరగేశాను.

తెల్లగా ఉంది.

"జుట్టు రంగు మరకండీ అది, పాతది. ఎవరివల్లా కాదు. నేను కాబట్టి వదిలించాను." ఆవిడ గొప్పగా చెప్పింది. చెప్పుకోవాలి మరి, నేనైనా చెప్పుకునేదాన్ని.

దాన్ని మొహానికి ఆనించుకున్నాను. సబ్బు వాసన. ఇంకేం లేదు. గుండెల దగ్గర కూడా ఏం లేదు. సరే, అయిపోయిందనుకున్నాను. అంతలో నా నోరు దానంతటది తెరుచుకుంది.

"దేంతో వదిలించావ్?"

"పుండ్లు కడిగే మందుంటుంది చూడండి, మందుల షాపులో, పొయ్యగానే నురగొస్తుంది. దాంట్లో గిన్నెలు తోమే సబ్బు నీళ్ళు నాలుగు చుక్కలు. మరక మీద రాసి ఎండలో పెట్టాలి. రుద్దకూడదు. రుద్దితే లోపలికి పోతుంది."

"రుద్దకూడదా?"

"అసలు రుద్దకూడదు."

ఇన్నేళ్ళూ రుద్దాను. బ్రష్షు అరిగేలా రుద్దాను. "పుండ్ల మందు, సబ్బు, రుద్దకూడదు" అని మనసులో ఒకసారి అప్పజెప్పుకుని, ఎప్పుడూ ఆయన ఉండే నా ఎడమ వైపుకి తిరిగాను.

"ఏవండీ, విన్నారా! పోయిందండీ..."

మా ఆడపడుచు నిలబడి ఉంది, రెండు కర్రలతో.

ఆ తర్వాత పెరట్లో రాళ్ళ మీద కూలబడ్డట్టున్నాను. ఎక్కిలి వచ్చింది, ఈసారి ఆగలేదు. ఆ గొంతు నాదని నాకే తెలీలేదు. ఎవరో అరుస్తున్నారేంటి అనుకున్నాను. ఉతికే ఆవిడ హడలిపోయి నా పక్కన కూర్చుంది. "అయ్యయ్యో, ఏమైందండీ? నేనేమైనా తప్పు చేశానా?" మా ఆడపడుచు కర్రలు పడేసి నన్ను పట్టుకుంది. రెండు రోజులుగా ఏడుస్తూనే ఉన్న పిల్ల, అప్పుడు మాత్రం చుక్క కార్చకుండా నా వీపు రాస్తూ కూర్చుంది.

"బాగా వదిలించావమ్మా" అన్నాను ఆవిడతో, మాట పెగిలాక. "చాలా బాగా వదిలించావు. ఆయనకి చెప్పాలి."

ఆ రోజు మేం ఇసుక దాటలేదు.