వెనక గది గొళ్ళెం

దర్సాకు కాలు ఒకచోట నిలవదు. కాలుగాలిన పిల్లిలా ఏమిటా తిరుగుడు అని వీధిలోవాళ్ళు నవ్వుకుంటారు గానీ, అది మందు చేసే పని. నెలనెలా వేసే ఇంజెక్షన్ అతని తలలోని గొంతుల నోరు మూయించింది. దాంతోపాటే కాళ్ళకు కుదురు లేకుండా చేసింది. కూర్చుంటే మోకాళ్ళు ఆడతాయి, పడుకుంటే పాదాలు దుప్పట్లో దారి వెతుక్కుంటాయి. డాక్టరమ్మ దానికీ ఒక బిళ్ళ రాసింది. అది వేసుకున్నాక పరుగు కాస్తా నడక అయింది, అంతవరకే.

అలాంటి మనిషికి పొద్దస్తమానం కూర్చుని చేసే ఉద్యోగం ఇచ్చింది చెల్లెలు నినింగ్. బాండుంగ్‌లో కొండవాలున ఒక పాత ఇల్లు అద్దెకు తీసుకుని ఆమె వీడియో గేములు తయారు చేయిస్తుంది. అన్నీ భయపెట్టే గేములే. దర్సా పని వాటిని ముందుగా ఆడి, తప్పులు పట్టుకోవడం. అక్కడ పనిచేసే నలుగురైదుగురూ లోకాన్ని హడలగొట్టాలని చూసేవాళ్ళే గానీ, కరెంటు పోతే ఒక్కడూ పెరట్లోకి ఒంటరిగా వెళ్ళడు. అందులో శబ్దాల పని చూసే హిల్మన్ మరీను. కిటికీ రెక్క కదిలినా ముందు దేవుణ్ణి తలుచుకుని తర్వాత అటు తిరిగే రకం.

ఇప్పుడు వాళ్ళ చేతిలో ఉన్న గేమ్ పేరు ‘వెనక గది’. అందులో ఒక కుర్రాడికి చెవుల్లో గొంతులు వినిపిస్తుంటాయి. ఏ గొంతు తన తలలోది, ఏ గొంతు ఇంట్లోవాళ్ళది అని ఆడేవాడు పోల్చుకుంటూ గదులు దాటాలి. పొరపడితే గోడలు దగ్గరికి జరుగుతాయి. చివరిది వెనక గది. దానికి గొళ్ళెం బయట ఉంటుంది.

ఆ గది నిజంగానే ఉంది. గారుత్ కొండల కింద వాళ్ళ ఊళ్ళో, వంటింటి పక్కన, మధ్యలో వెదురు తడిక తప్ప గోడ లేని గది. మంత్రించిన నీళ్ళు తాగించి, చూపించాల్సిన వాళ్ళందరికీ చూపించి, చివరికి చేసేదేమీ లేక తల్లి దర్సాను అందులో పెట్టి గొళ్ళెం వేసింది. ఏడాదికి పైగా అతను ఆ గదిలోనే ఉన్నాడు. పట్నంలో చదువుకుంటున్న నినింగ్ పండక్కి వచ్చి, ఎవరితోనూ ఒక్క మాట కూడా అనకుండా గొళ్ళెం తీసి, అన్న చెయ్యి పట్టుకుని బస్సెక్కింది. ఆ చెయ్యిని దర్సా ఇప్పటికీ తలుచుకుంటాడు. తల్లి పోయాక ఊళ్ళో ఇల్లు ఖాళీగానే ఉంది. పక్కింట్లో ఉండే పెద్దమ్మ, వాళ్ళు ఉవా ఇచిహ్ అని పిలిచే ముసలావిడ, వారానికోసారి ఊడ్చిపెడుతుంది.

తన కథ గేములో పెట్టుకోమన్నది కూడా దర్సానే. పెట్టుకోమనడమే కాదు, దిద్దాడు కూడా. మొదట్లో హిల్మన్ ఆ గొంతులతో కేకలు పెట్టించాడు, పళ్ళు కొరికించాడు. దర్సాకు నవ్వొచ్చింది.

“అవి అరవవురా తమ్ముడూ. అరిస్తే అలవాటైపోతుంది. పక్కింటివాళ్ళు నీ గురించి చెప్పుకుంటుంటే నీ చెవిన పడ్డట్టు ఉంటాయి. గట్టిగా మాట్లాడవు.”

హిల్మన్ అన్నీ మళ్ళీ మొదటినుంచి చేశాడు. అప్పటినుంచీ ఆ ఇంట్లో దర్సాకు ఒక మర్యాద వచ్చింది. ఒక పనికి తనే సరైన మనిషి అని ఒకరు అనుకోవడం అతనికి పుట్టి బుద్ధెరిగాక అదే మొదలు.

జకార్తాలో గేముల ప్రదర్శన దగ్గర పడింది. దర్సా చివరిసారి ఆడి చూస్తున్నాడు. వెనక గదిలోకి వచ్చేసరికి కాళ్ళు లాగడం మొదలైంది. ఆట ఆపితే గది మొదటికి వస్తుంది, అది విసుగు. అందుకని కుర్రాణ్ణి ఆ గదిలో నిలబెట్టి, హెడ్‌ఫోన్లు బల్ల మీద పెట్టి, పెరట్లో నక్షత్రపండు చెట్టు చుట్టూ తనకు తోచినంత సేపు తిరిగాడు. వచ్చి హెడ్‌ఫోన్లు పెట్టుకున్నాడు.

ఇద్దరు ఆడవాళ్ళు మాట్లాడుకుంటున్నారు. ఎక్కడో తడిక అవతల, మెల్లిగా. ‘దర్సా’ అన్న మాట వినబడింది. కాసేపటికి ‘గొళ్ళెం’ అన్న మాట.

గేములో కుర్రాడికి వేరే పేరుంది. దర్సా అన్న పేరు ఆ గేములో ఎక్కడా లేదు.

హెడ్‌ఫోన్లు తీశాడు. నిశ్శబ్దం. పెట్టుకున్నాడు. ఉన్నారు. మళ్ళీ తీశాడు. అతనికి తెలిసిన గొంతులు చెవులు మూసుకుంటే పోయేవి కావు, దిండు కింద తల పెట్టినా వెంట వచ్చేవి. ఇవి అలా కాదు. కానీ చాలాసేపు తటపటాయించి మూడోసారి పెట్టుకునేసరికి అక్కడ ఏమీ లేదు, గదిలో గాలి తప్ప.

ఇక్కడ దర్సా ఒక తప్పు చేశాడు. నిజం చెప్పాడు. లేచి, అందరికీ వినబడేలా, ఆ గదిలో ఎవరో తన గురించి మాట్లాడుకుంటున్నారని అన్నాడు.

అప్పటిదాకా వేడి బజ్జీల పొట్లం చుట్టూ వాదించుకుంటున్న వాళ్ళంతా ఒక్కసారి మాట ఆపేశారు. ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆ చూపు దర్సాకు కొత్త కాదు. ఊళ్ళో చూశాడు, ఆస్పత్రి వరండాలో చూశాడు. ఇక్కడ మాత్రం ఉండదనుకున్నాడు.

హిల్మన్ గబగబా కూర్చుని గది అంతా ఆడి చూశాడు. ఇంకొకరూ చూశారు. వాళ్ళు ఆడే తీరు వేరు. ఆ గదిలోకి రాగానే గుండెలు అరచేత పట్టుకుని తలుపు వైపు పరిగెత్తడమే తప్ప, నిలబడి గాలి పీల్చింది లేదు. ఎవరికీ ఏమీ వినబడలేదు. నినింగ్ అన్న పక్కకు వచ్చి కూర్చుంది. ఆమె గొంతు మెత్తబడింది. చెల్లెలు కసిరితే దర్సాకు దిగులు లేదు, ఆ గొంతు మెత్తబడితేనే భయం.

“కాంగ్, ఈ నెల ఇంజెక్షన్ వేయించుకున్నావు కదా?”

అన్నను వాళ్ళ వైపు అలా పిలుస్తారు. వేయించుకున్నానన్నాడు. నిద్ర పడుతోందా అంది. పడుతోందన్నాడు. బిళ్ళ మింగుతున్నావా, పక్కన పారేస్తున్నావా అంది. తన మాట అబద్ధమో కాదో తేల్చే పని ఇక మాటల వల్ల కాదని అతనికి అర్థమైంది.

సాయంత్రం వరండాలో నినింగ్ హిల్మన్‌తో చెబుతుంటే విన్నాడు. రేపు డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్తుందట. ఇకమీదట అన్న ఆ గేము ముట్టుకోకూడదట. అవసరమైతే ప్రదర్శనకు పంపడమే మానేస్తుందట, అన్నను పిచ్చివాణ్ణి చేసి తెచ్చుకునే పేరు తనకు వద్దట. చెల్లెలి మనసులో ప్రేమే ఉంది. దర్సాకు ఆ సంగతి తెలుసు. కానీ ఆ ప్రేమ తన ఉద్యోగాన్ని, తన మాటకున్న విలువను ఒకే దెబ్బకు ఊడ్చేస్తోంది. మందు మోతాదు పెంచితే మళ్ళీ ఆ మంచానపడ్డ రోజులు, నోట్లోంచి చొంగ కారే రోజులు.

అంతకంటే పెద్ద భయం వేరే ఉంది. ఒకవేళ వాళ్ళు అనుకున్నదే నిజమైతే? తిరగబెట్టినప్పుడు తిరగబెట్టిందని తనకు తెలియదు కదా. మొదటిసారి కూడా అతనికి తెలియలేదు.

తెల్లారి, అందరికంటే ముందే వచ్చి, చెట్టు చుట్టూ తిరుగుతూ అదే ఆలోచించాడు. నిన్న ఏం చేశాను? ఆడాను, కాళ్ళు లాగాయి, ఆపకుండా వదిలేశాను, తిరిగాను, వచ్చాను. అక్కడ ఆగిపోయాడు. తను తిరిగినంతసేపూ ఆ కుర్రాడు వెనక గదిలో కదలకుండా నిలబడి ఉన్నాడు. అంతసేపు ఆ గదిలో నిలబడ్డవాడు ఇంకొకడు లేడు.

డాక్టరమ్మ దగ్గరికి బయల్దేరదామని నినింగ్ వచ్చేసరికి కంప్యూటర్ మీద వెనక గది తెరిచి ఉంది.

“వస్తాను నేంగ్, నువ్వెక్కడికి రమ్మంటే అక్కడికి వస్తాను. ముందు నాతో కాసేపు నడువు,” అన్నాడు. చిన్నప్పటినుంచీ అతను చెల్లెల్ని నేంగ్ అనే పిలుస్తాడు. “ఆ హెడ్‌ఫోన్లు ఎవర్నీ ముట్టుకోవద్దను.”

ఆమె కాదనలేకపోయింది. అన్నాచెల్లెళ్ళు పెరట్లో చుట్లు తిరిగారు. ఆమె గడియారం చూసుకుంది, ఫోను చూసుకుంది, చెప్పు సరిచేసుకుంది. పొద్దున్న ఏం తిన్నావంది. అతను నడుస్తూనే ఉన్నాడు. తన కాళ్ళు చాలన్నాకనే లోపలికి తీసుకొచ్చాడు. హెడ్‌ఫోన్లలో ఒక వైపుది ఆమె చెవికి పెట్టి, రెండోది తన చెవికి ఆనించుకున్నాడు. చెంపకు చెంప తగిలేంత దగ్గరగా కూర్చోవాల్సి వచ్చింది.

గాలి. ఎక్కడో కోడి. కాసేపటికి మూత పెట్టిన చప్పుడు, ఆ తర్వాత ఉవా ఇచిహ్ గొంతు.

“ఇల్లు అమ్ముతానంటావేంటే పిల్లా? దర్సాకి మళ్ళీ తిరగబెడితే ఎక్కడ పెడతావు వాణ్ణి?”

దానికి జవాబిచ్చిన గొంతు నినింగ్‌ది.

“అమ్మనులే ఉవా. అందుకేగా ఆ గది అలాగే ఉంచాను. గొళ్ళెం కూడా తియ్యలేదు.”

“తియ్యకు. నూనె పెడుతుండు, లేకపోతే తుప్పు పట్టి ఊరుకుంటుంది.”

“ఇందాకే పెట్టాను.”

తర్వాత మసీదు నుంచి సాయంకాలపు పిలుపు మొదలై మిగతా మాటల్ని కప్పేసింది.

నినింగ్ కదల్లేదు.

“వినబడిందా?” అన్నాడు దర్సా.

ఆమె కావాలంటే లేదనవచ్చు. ఆమె లేదంటే లేదు, ఆ ఇంట్లో ఎవరైనా ఆమె మాటే నమ్ముతారు, చివరికి దర్సా కూడా నమ్ముతాడు. ఆమెకు ఆ ఆలోచన వచ్చిందని దర్సా ఆమె మొహంలో చూశాడు. అది వచ్చి, పోయింది.

“వినబడింది కాంగ్.”

దర్సాకు ముందు నవ్వొచ్చింది. ఆపుకోలేని నవ్వు. నాకు తిరగబెట్టలేదు, నా తల నాదే, నా చెవులు నావే! బల్ల మీద చేత్తో కొట్టాడు. ఆ నవ్వు ఇంకా నోట్లో ఉండగానే రెండో సంగతి తలకెక్కింది. తనకు జబ్బు తిరగబెట్టలేదు కాబట్టి విన్నది నిజం. తన చెయ్యి పట్టుకుని బస్సెక్కించిన చెల్లెలే వెళ్ళి ఆ గొళ్ళేనికి నూనె పెట్టింది. జబ్బే అయినా బాగుండేదేమో అని ఒక్క క్షణం అనిపించింది అతనికి.

పిలిచి అడిగితే హిల్మన్ తల దించుకుని అసలు సంగతి చెప్పాడు. గది చప్పుడు పట్టడానికి తనూ నినింగూ ఊరికి వెళ్ళిన రోజు పొద్దుగూకే వేళ అయిందట. ఆ వేళకు తలుపులు మూసుకోవాలి, ఖాళీ గదుల్లో మసలకూడదు, పట్టుకుపోయేవి తిరుగుతుంటాయని వాళ్ళమ్మ చెప్పిన మాట అతనికి ఇంకా వేదవాక్కు. రికార్డర్‌ను గదిలో వదిలేసి వీధిలోకి వచ్చేశాడు. ఆ వేళలో పట్టిన చప్పుడు ఒంటరిగా వినడానికీ ధైర్యం చాలలేదు. తెర మీద శబ్దాన్ని చూపే గీత మొదట్లో సాఫీగా ఉంది కదా, అంతా గాలే అనుకుని మొత్తం గేములో అతికించేశాడు.

“దయ్యం మాట్లాడి ఉంటుందేమోనని వినలేదు తేహ్,” అన్నాడు, నినింగ్‌ను అక్కా అని పిలిచినట్టు. ఎవరూ నవ్వలేదు.

నినింగ్ మొహం కడుక్కుని వచ్చింది. ఏడ్చిందని తెలుస్తూనే ఉంది.

“అమ్మ లేదు కాంగ్. నువ్వు మళ్ళీ అలా అయితే నేనొక్కదాన్నే. నాకు భయం. గేములు చేసేదాన్ని, నాకే భయం.”

“నాకు లేదా?” అన్నాడు దర్సా. లేచి గదిలో ఇటూ అటూ తిరిగాడు. గుమ్మం దగ్గరికి, కిటికీ దగ్గరికి, మళ్ళీ గుమ్మం దగ్గరికి. కోపం ఉంది, ఆమె మీద జాలీ ఉంది, రెండూ ఒకదాన్నొకటి తోసుకుంటున్నాయి. తనకు ఎన్నటికీ తిరగబెట్టదని మాటివ్వగలడా? ఇవ్వలేడు. మరి గొళ్ళెం పీకి పారెయ్యమని ఏ మొహంతో అడగడం? చివరికి ఆగాడు.

“ఉండనియ్యి గొళ్ళెం. బయట తీసి లోపలి వైపు బిగిద్దాం. నాకు అలా అనిపించిన రోజు నేనే వెళ్ళి వేసుకుంటా. తియ్యడం కూడా నా చేతిలోనే ఉంటుంది.”

ఆదివారం అన్నాచెల్లెళ్ళు, హిల్మన్ ముగ్గురూ ఊరు వెళ్ళారు. ఉవా ఇచిహ్ వాకిట్లో నిలబడి ఇదేం చోద్యమని సణుగుతూనే ఉంది. దర్సా తన చేత్తోనే మరలు విప్పాడు. నూనె పెట్టిన గొళ్ళెం కదా, సులువుగానే వచ్చింది. తలుపు అవతలి వైపు బిగించి, అది పడుతుందో లేదో చూడాలి కాబట్టి లోపలికి వెళ్ళి, తలుపు మూసి, వేశాడు. సరిగ్గానే పడింది.

గది అతను అనుకున్నంత చిన్నదిగా లేదు. తడిక సందుల్లోంచి వంటింటి వెలుతురు వస్తోంది. నేల మీద కూర్చున్నాడు. బయట అడుగుల చప్పుడు వినబడింది. తలుపు దాకా వచ్చి వెనక్కి పోతున్నాయి, మళ్ళీ వస్తున్నాయి. నినింగ్‌వి. హెడ్‌ఫోన్లు లేకుండానే వినబడుతున్నాయి.

“కాంగ్, పడిందిగా. ఇక తియ్యి.”

అతను తడికకు వీపు ఆనించాడు.

“కాంగ్, తియ్యి. నాకు కాలు నిలవడం లేదు.”

“వస్తున్నా నేంగ్. కూర్చో కాసేపు,” అన్నాడు దర్సా లోపలినుంచి. గొళ్ళెం అతని చేతికి అందేంత దూరంలోనే ఉంది. తియ్యడానికి అతను తొందరపడలేదు.