యకరే మలుపులో ఎనభై

నిమియా టైర్ల షాపు మా ఊరి చివర, చాకో రహదారిని ఆనుకుని ఉంటుంది. దాని పక్కనే నా చిపా రొట్టెల కొట్టు. లారీ ఆగిందంటే టైరు ఆమె చూసుకుంటుంది, డ్రైవరు ఆకలి నేను చూసుకుంటాను. నిమియా పంక్చర్లతో పాటు గేర్‌బాక్సులు, మీటర్లు కూడా విప్పుతుంది. ఆ పని తెలిసినవాళ్లు ఈ చుట్టుపక్కల ఇంకెవరూ లేరు.

ఆమె తమ్ముడు దెర్లిస్, దోన్ ఎవెలియో అనే భూస్వామి దగ్గర పశువుల లారీ తోలేవాడు. ఎవెలియో ఎస్టేటు ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో చెప్పగలిగినవాడు ఊళ్లో లేడు. ఒక వానాకాలం లారీ మాటిమాటికీ బురదలో దిగబడుతోందని దానికి పెద్ద టైర్లు ఎక్కించాడు. ఎస్టేటులోనే, తన కూలీల చేత. టైరు పెద్దదైతే అదే దూరానికి తక్కువసార్లు తిరుగుతుంది. వేగం చూపే మీటరుకు ఆ సంగతి తెలియదు, అది తిరిగిన చుట్లనే చూసుకుంటుంది. బండి తొంభై దాటి పరిగెడుతున్నా ముల్లు ఎనభై మీదే నిలబడుతుంది.

దెర్లిస్ ఆ మాట యజమానికి చెప్పాడు. "అయ్యా, మీటరు తప్పు చూపిస్తది. అక్క దగ్గరికి తోలుకెళ్తే ఒక్క పూటలో సరిచేసిస్తది."

"బురదలో దిగబడకపోతే చాల్లేరా. మీటరు మొహం చూస్తా కూచుంటే ఎద్దులు కబేళాకి ఎప్పుడు చేరతాయి?" అన్నాడు ఎవెలియో.

మర్నాడే నిండు లోడుతో పంపాడు. తేడా ఎంతో దెర్లిస్‌కింకా అంచనా దొరకలేదు. యకరే వాగు దగ్గర మలుపుకు ముందు ఎనభై దాటొద్దన్న బోర్డు ఉంది. ముల్లు ఎనభై మీదికి దించుకుని, ఎప్పటిలాగే మలుపు తిప్పాడు. ఎద్దులు ఒక పక్కకు ఒరిగాయి, వాటితో పాటు లారీ ఒరిగింది. నేను వెళ్లేసరికి వాగు ఒడ్డంతా చచ్చిన పశువులు. దెర్లిస్ ఎడమ కాలు తలుపు కింద నలిగిపోయి ఉంది. వాడు ఏడవడం లేదు. "ఎనభైలోనే ఉన్నా, ఎనభైలోనే ఉన్నా" అంటున్నాడు.

పోలీసుల ముందు ఎవెలియో చెప్పింది వేరు. "నా లారీ మీటరు గడియారంలా పనిచేస్తది. ఎనభైలో పోయేవాడు అక్కడ పడడు. తాగి తోలాడు వెధవ." ఆ పోలీసు అధికారి ప్రతి ఆదివారం ఎవెలియో పెరట్లో మాంసం కాల్చుకుతినే మనిషి. నిమియా వెళ్లి టైర్ల సంగతి చెబితే, "తమ్ముడి కోసం అక్క ఏదో ఒకటి చెబుతుందిలే" అని పంపేశాడు. లారీని ఎస్టేటులోకి లాక్కుపోయి గేటు వేశారు. దాని మీద ఆమెను చెయ్యి కూడా వెయ్యనివ్వలేదు. ఆస్పత్రిలో దెర్లిస్ ఎడమ కాలు తీసేశారు. లైసెన్సు రద్దయింది. తాగుబోతు అన్న పేరు మిగిలింది.

ఆ తర్వాత నిమియా మారిపోయింది. అంతకు ముందు తెరెరే, మా చల్లటి ఆకు టీ, ఒకే గ్లాసులో మార్చి మార్చి తాగుతూ నాతో గంటలు గంటలు కబుర్లు చెప్పేది. ఇప్పుడు పొగాకు నములుతూ రోడ్డు వైపు చూసేది. ఒకసారి, "ఏం చూస్తున్నావే?" అంటే, "ఎప్పటికైనా ఈ రోడ్డు మీదికే వస్తాడు గదా" అంది.

వచ్చాడు. ఎవెలియో ఆ లారీని బాగుచేయించి అమ్మకానికి పెట్టాడు. కొనడానికి మెన్నోనైట్లనే జర్మన్ మాట్లాడే క్రైస్తవుల కాలనీ నుంచి ఇసాక్ తీసెన్ అనే రైతు వచ్చాడు. తీసెన్ నిదానస్తుడు. లారీ చుట్టూ తిరిగి, వంగి చూసి, టైర్లు పెద్దవి, మీటరు మెకానిక్‌కు చూపించాకే కొంటాను అన్నాడట. చూపించడానికి ఉన్నది ఒక్కటే షాపు. ఎవెలియో ఎంత నసిగినా తీసెన్ వినలేదు.

లారీ వచ్చి ఆగేసరికి నేను పొయ్యి దగ్గర ఉన్నాను. నిమియా చేతులు తుడుచుకుంటూ బయటికి వచ్చింది. ఆ లారీని చూసింది, దిగుతున్న ఎవెలియోను చూసింది. మొహంలో ఏ మార్పూ లేదు.

"పాత గొడవలు వద్దమ్మాయ్. పని చూసి పంపు," అన్నాడు ఎవెలియో.

"గొడవేముందయ్యా. సరిచెయ్యాలంటే ముందు తేడా ఎంతో తెలియాలి. రోడ్డెక్కి చూడాలి. మీరూ కూచోండి, మీ లారీ గదా."

"నేనెందుకు?"

"మీటరు గడియారంలా పనిచేస్తదన్నారు గదా. పక్కనుండి చూసుకోండి."

తీసెన్ ముందు వెనక్కి తగ్గడం ఎవెలియోకి నామోషీ. ఎక్కాడు. నిమియా స్టీరింగ్ దగ్గర, ఎవెలియో మధ్యలో, తీసెన్ కిటికీ పక్కన. తర్వాత జరిగింది నిమియా చెప్పింది, తీసెన్ కూడా చెప్పాడు. ఇద్దరి మాటల్లో ఎక్కడా తేడా లేదు.

తిన్నని రోడ్డు మీద ఆమె ముల్లును ఎనభైకి తెచ్చింది. తీసెన్ ఫోనులో వేగం చూసుకుని, "ఇది తొంభై నాలుగు అంటోంది" అన్నాడు. ఎవెలియో దగ్గాడు. "ఫోన్లను నమ్ముతారా ఏంటి?" అన్నాడు.

"నమ్మొద్దు లెండి. మీటరునే నమ్ముదాం," అంది నిమియా. ముల్లు ఎనభై మీద నుంచి కదలలేదు. దూరంగా బోర్డు కనిపించింది, దాని వెనక యకరే మలుపు.

"నెమ్మదిగా పోనియ్యమ్మాయ్."

"ఎనభైలోనే ఉన్నానయ్యా. బోర్డు కూడా ఎనభయ్యే. ఎనభైలో పోయేవాడు అక్కడ పడడని మీరేగా చెప్పింది."

"ఆపవే. బ్రేకు కొట్టు."

"ఎందుకయ్యా? తాగి తోలట్లేదుగా నేను."

మలుపు దగ్గరపడుతోంది. వాగు ఒడ్డున ఎద్దుల ఎముకలు ఇంకా తెల్లగా కనబడుతున్నాయి. తీసెన్ రెండు చేతులతో డ్యాష్‌బోర్డు పట్టుకుని తన భాషలో ప్రార్థన మొదలుపెట్టాడు. ఎవెలియో ఆమె మోకాలి మీద పడ్డాడు, బ్రేకు అందుకోబోయాడు. ఆమె మోచేత్తో నెట్టేసింది.

"మీటరు అబద్ధం చెప్తోందే," అని ఏడుపు గొంతుతో అన్నాడు. "ఎనభై కాదు, తొంభై దాటింది. వాడు చెప్పాడు నాకు, టైర్లు వేసిన రోజే చెప్పాడు, నేనే వినలేదు. ఆపవే తల్లీ."

ఆమె బ్రేకు తొక్కింది. లారీ బోర్డు దాటి, జారి, అడ్డం తిరిగి మలుపు మొదట్లో ఆగింది. దుమ్ము వాళ్లను కమ్మేసింది. ఎవెలియో ప్యాంటు తడిసింది.

కొంచెం సేపటికి తీసెన్ నెమ్మదిగా అడిగాడు. "టైర్లు వేసిన రోజే ఎవరు చెప్పారు దోన్ ఎవెలియో?"

నిమియానే చెప్పింది, మొత్తం. తీసెన్ దిగిపోయాడు. "అమ్మా, నన్ను కూడా ఇందులో కూచోబెట్టినందుకు నీ మీద కోపంగానే ఉంది. కానీ విన్నది విన్నట్టు జడ్జి గారికి చెప్తాను," అన్నాడు. షాపు దాకా నడిచే వచ్చాడు.

నిమియా లారీని వెనక్కి తెచ్చి, అదే రోజు గేర్‌బాక్సులో మీటరును తిప్పే చిన్న పళ్ల చక్రం మార్చింది. ఎందుకే అంటే, "రేపు ఇంకెవరి తమ్ముడో తోలతాడు" అంది. అది అయ్యేదాకా ఎవెలియోను అరుగు మీద కూర్చోబెట్టింది, తడి ప్యాంటుతోనే. నా కొట్టుకు వచ్చినవాళ్లంతా చూశారు. సాయంత్రానికి ఊళ్లో అతని పేరు ఎనభై దొర అయిపోయింది. పిల్లలు అతని కారు వెనక పరిగెడుతూ ఆ అంకె అరిచేవాళ్లు. చర్చిలో మనుషులు అతని పక్క బెంచీ వదిలేసి కూర్చున్నారు.

తీసెన్ చెప్పాల్సింది చెప్పాడు. దెర్లిస్ లైసెన్సు తిరిగి వచ్చింది. వాడు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి బల్ల మీద పడేశాడు. క్లచ్చు తొక్కే కాలు లేని లైసెన్సు.

"ఆ ముసలోడి కోసం నువ్వు చావబోయావా? నన్నొక్క మాట అడిగావా అక్కా?" అన్నాడు. చాలా రోజులు ఆమెతో మాట్లాడలేదు.

బ్రేకు తొక్కాలని ముందే అనుకున్నావా అని నేను ఒకసారి అడిగాను. నిమియా పొగాకు పక్కకు ఉమ్మింది. "కాలు తొక్కింది. నేనైతే ఏమీ అనుకోలేదు," అంది.

మళ్లీ వానలు పడ్డాక ఒక మధ్యాహ్నం ఎవెలియో పికప్ ఆమె షాపు ముందే టైరులో గాలి పోయి కూలబడింది. వానలో దిగి నిలబడ్డాడు. ఆమె తెరెరే గ్లాసులో నీళ్లు పోసుకుంటూ అరుగు మీద కూర్చుని ఉంది.

"టైరు చూడమ్మా," అన్నాడు.

"జాకీ ఉందిగా అయ్యా. మీరే మార్చుకోండి."

అతను బురదలో మోకాళ్ల మీద కూర్చుని మార్చుకున్నాడు. జాకీ రెండుసార్లు జారింది. నిమియా అతని చేతుల్నే చూస్తూ కూర్చుంది. పికప్ వెళ్లిపోయాక నేను గొడుగు పట్టుకుని ఆమె దగ్గరికి వెళ్లాను.

"ఇకనైనా కసి తీరిందా?" అన్నాను.

"లేదు," అంది నిమియా. గ్లాసు నా చేతికిచ్చింది.