వినపడలేదని చెప్పలేదు

"నాన్నా, గొడుగు సర్దావా?" అని కూతురు లోపలి గదిలోంచి అడిగింది.

"గొడవా? నాకేం గొడవ? పొద్దుటినుంచి మీ అమ్మే పడుతోంది నాతో," అన్నాడు తండ్రి, బూట్లకు పాలిష్ పెడుతూ.

కూతురు పొట్ట పట్టుకుని నవ్వింది. తల్లి కూడా నవ్వింది. నవ్వుతూనే వచ్చి భర్త ఎదురుగా నిలబడి, తన పెదవులు ఆయనకు కనిపించేలా, "గొడుగండీ, గొడుగు," అంది. ఆయనా నవ్వేశాడు. చూసేవాళ్ళకు ముచ్చటైన సంసారం, ప్రయాణం ముందు ప్రతి ఇంట్లోనూ ఉండే సందడి. ఆ నవ్వు కింద ఒక భయం నక్కి ఉందని ముగ్గురిలో తల్లికి ఒక్కదానికే తెలుసు.

ఆయన ఒక ప్రింటింగ్ ప్రెస్‌లో ఫోర్‌మన్. వయసంతా యంత్రాల హోరులోనే గడిచింది. సాయంత్రం ఇంటికొచ్చాక కూడా గట్టిగట్టిగా మాట్లాడుతుంటే, పని అలవాటు అనుకునేది భార్య. తరవాత తరవాత ఆయనకు తలుపు గంట వినపడటం మానేసింది. ఫోను మోగితే పక్కనే ఉండీ తీసేవాడు కాదు. వెనకనుంచి ఎవరు పిలిచినా పలికేవాడు కాదు. ఆ సంగతి ఆయన ఎవరితోనూ అనలేదు. ఆమె అడగనూ లేదు. అడక్కుండానే ఒక ఉద్యోగం నెత్తిన వేసుకుంది. కొట్టువాడు ఏదైనా అంటే ఆ మాటనే తన మాటగా మళ్ళీ పలికేది. బంధువుల ఇళ్ళల్లో ఎప్పుడూ ఆయన ఎడమ పక్కనే కూర్చునేది. ఆ చెవి కాస్త నయం. ఎదుటివాళ్ళు అడిగేది ఒకటి, ఆయన చెప్పేది మరొకటి అయితే, "ఈయనకెప్పుడూ హాస్యమే," అని సర్దేసేది. భర్త పరువు కాపాడుతున్నాననుకుంది పాపం. ఇలా సర్దుకొచ్చే ఇల్లాళ్ళు, కొడుకులు, కూతుళ్ళు మన చుట్టూ ఎంతమంది ఉన్నారో పాఠకులే ఒక్కసారి తలుచుకోవాలి.

ఈ ప్రయాణం ఆయన ముచ్చట. ప్రెస్‌లో ఏటా పక్షుల బొమ్మలతో క్యాలెండరు వేస్తారు. అందులో 'నిప్పుమెడ' అనే అడవికోడి బొమ్మ ఒకటి. ఎత్తయిన కొండల మీద తప్ప బతకదు, ఎక్కడోగాని కంటబడదు. దాని మెడ రంగు కాగితం మీదికి రప్పించలేక ఆయన నానా అవస్థా పడేవాడు. ఎరుపు పెంచితే రక్తంలా ఉందనేవారు, పసుపు కలిపితే తుప్పులా ఉందనేవారు. "అసలు రంగేమిటో ఒక్కసారి నా కళ్ళతో చూడాలే," అని ఆయన అంటూనే ఉండేవాడు. చివరికి కూతురు పూనుకుని, ఆ పక్షిని చూపించడానికి కొండెక్కించే గైడు దగ్గర పేర్లు రాయించింది.

"నేనూ వస్తాను," అంది భార్య వెంటనే.

"నీ మోకాళ్ళు?"

"నా మోకాళ్ళ సంగతి నేను చూసుకుంటాను లెండి."

కొండ మొదట్లో ఉన్న బసలో చెక్క గోడల గది, మధ్యలో పొయ్యి, దాని చుట్టూ తాళ్ళ మీద ఆరేసిన తడి మేజోళ్ళు. వీళ్ళతో పాటు ఒక బ్యాంకు మేనేజరూ ఆయన తమ్ముడూ వచ్చారు. గైడు ముప్ఫైల్లో ఉన్న స్త్రీ. కొండగాలికి బొంగురుపోయిన గొంతు, భుజాన తాడు చుట్ట.

"చలికోటు తెచ్చుకున్నారా అంకుల్?" అందామె ఫోర్‌మన్‌తో.

"చిలకొకటా? ఎక్కడ? ఎక్కడమ్మా?" అంటూ ఆయన కిటికీ వైపు గబుక్కున తిరిగాడు.

గది గొల్లుమంది. మేనేజరైతే బల్ల చరిచి మరీ నవ్వాడు. ఆయనా అందరితో కలిసి నవ్వాడుగాని, చేతిలోని టీ కప్పు చుట్టూ ఆయన వేళ్ళు బిగుసుకోవడం భార్య చూసింది.

నవ్వులు సద్దుమణిగాక గైడు చెప్పింది. "కొండ మీద పొద్దున బాగానే ఉంటుంది. తరవాత పొగమంచు దిగుతుంది. దిగిందంటే మన చెయ్యి మనకే కనిపించదు. అప్పుడు మీకు దిక్కు నా గొంతే. నేను 'ఆగండి' అన్నానంటే ఎత్తిన కాలు ఎత్తినట్టే ఉండాలి. ఇప్పుడు చెప్పండి. గుండె, ఆయాసం, చూపు, చెవులు, ఎవరికైనా ఏదైనా ఇబ్బంది ఉందా? సిగ్గుపడొద్దు. దాన్నిబట్టి నడిపిస్తాను."

ఆయనకు సగం మాటలు అందలేదు. భార్య ముఖం చూశాడు. ఆమె ముఖంలో ఏముందో ఆయనకు ఇట్టే అర్థమైంది. చెప్పొద్దన్నట్టు తల కదిలీ కదలనట్టు ఊపాడు. ఆమె నాలుక చివరిదాకా వచ్చిన మాట అక్కడే ఆగిపోయింది.

"ఏం లేదమ్మా. ఈయనకి కాస్త తొందరెక్కువ, అంతే," అంది.

అందరూ మళ్ళీ నవ్వారు.

తెల్లవారి నడక మొదలైంది. రాళ్ళ మధ్య సన్నని బాట. దేవదారు చెట్లు తగ్గి, పొదలు వచ్చాయి. ఆమె భర్త వెనకే, ఆయన సంచీ పట్టీ మీద రెండు వేళ్ళు వేసి నడిచింది.

"ఎందుకే ఆ పట్టుకోవడం? సంతలో పిల్లాడిలా తప్పిపోతానా?" అని ఆయన విసుక్కున్నాడు. ఆమె వదల్లేదు. మోకాళ్ళు మండుతున్నా, ఊపిరి అందకపోయినా వదల్లేదు. ప్రతి మలుపులోనూ గైడు ఏమంటుందోనని చెవులు రిక్కించి, తన చెవులతోనే ఇద్దరి పనీ చేసింది.

ఒకచోట గైడు చెయ్యెత్తింది. పైనుంచి సన్నని ఈల, చివర విరిగిపోయినట్టుగా. "అదే! నిప్పుమెడ!" అని గుసగుసలాడింది. ముఖాలన్నీ కుడివైపు పైకి తిరిగాయి. ఆయన అందరి ముఖాలూ చూశాడు. చూసి తనూ కళ్ళు పెద్దవి చేసి, "ఆహా! ఎంత బాగుందీ!" అంటూ ఎడమవైపు లోయలోకి చూస్తూ తలూపాడు.

భార్య అది చూసి పట్టీని ఇంకాస్త గట్టిగా పట్టుకుంది. కూతురు కూడా అది చూసింది. నవ్వబోయి ఆగిపోయి, ఏమిటిదన్నట్టు తల్లి వైపు చూసింది. తల్లి చూపు తిప్పుకుంది.

కాసేపటికి పొగమంచు దిగింది. ముందు చెట్లు పోయాయి, తరవాత బాట పోయింది, తరవాత ముందు నడిచేవాళ్ళ భుజాలు మాత్రమే మిగిలాయి. గైడు అందర్నీ నిలబెట్టి, బాట ఎలా ఉందో చూసొస్తానని నాలుగడుగులు ముందుకెళ్ళింది. అప్పుడే భార్య బూటు లేసు ఊడింది. కట్టుకోవడానికి పట్టీ వదిలి వంగింది. ఎంతసేపని, లేసు ముడి వేసేంతసేపు.

అంతలో పక్క పొదలో ఏదో కదిలింది. తెల్లని మంచులో నిప్పు కణిక మెరిసినట్టు ఒక మెడ తొంగిచూసి పోయింది. ఆయన ఊపిరి బిగబట్టి, బాట దిగి, దాని వెనకే అడుగు వేశాడు.

"ఆగండి!" మంచులోంచి గైడు కేక వినిపించింది. "అంచు కోసుకుపోయింది! ఎవరూ కదలొద్దు!"

మేనేజరు ఎత్తిన కాలు దించకుండా నిలబడిపోయాడు. అందరూ ఆగారు. ఒక్క జత బూట్ల చప్పుడు మాత్రం సాగుతూనే ఉంది.

"ఏమండీ!"

"నాన్నా, ఆగు! నాన్నా!"

రాళ్ళు జారిన చప్పుడు. కొమ్మలు విరిగిన చప్పుడు. ఆ తరవాత ఏమీ లేదు.

గైడు వచ్చి అంచున బోర్లా పడుకుని కిందికి చూసింది. తెల్లని మంచు తప్ప ఏమీ కనిపించలేదు. "అంకుల్! వినపడితే పలకండి! ఒక్క మాట చాలు!" అని అరిచింది. ఈల ఊదింది. అందర్నీ నిశ్శబ్దంగా ఉండమని చెవి ఒగ్గింది. మళ్ళీ అరిచింది. కూతురు గొంతు చించుకుంది. జవాబు లేదు.

గైడు లేచింది. ముఖం పాలిపోయింది. "స్పృహలో ఉంటే పలికేవారు. కిందెక్కడో దూరంగా పడి ఉండాలి. ఇక్కడ తాడు వేసి లాభం లేదు. చుట్టూ తిరిగి లోయలోకి దిగాలి, మనుషుల్ని తీసుకురావాలి. పదండి, పొద్దు పోకముందే." అంటూ అప్పటికే విప్పిన తాడు మళ్ళీ చుట్టడం మొదలుపెట్టింది.

ఆయన ఇక్కడే, ఈ అంచు కిందే ఉన్నాడేమో! కళ్ళు తెరుచుకుని ఎదురుచూస్తున్నాడేమో! భార్య గైడు వైపు ఒకడుగు వేసింది. చెప్పాలి. అయినా విచిత్రం చూడండి, అంత ప్రాణసంకటంలోనూ ఆ పాత సిగ్గే ఆమెకు అడ్డం పడింది. పరాయివాళ్ళు ఉన్నారు. ఆయనకు తెలిస్తే ఏమనుకుంటాడు? నిన్న ఏమీ లేదని, ఇవాళ ఉందని ఎలా అనడం?

తాడు చివరి చుట్ట గైడు భుజానికెక్కుతోంది.

"ఆయనకి వినపడదు!" అని అరిచింది ఆమె. "మీరు పిలిచేది ఆయనకి వినపడటం లేదమ్మా. ఈల అసలే వినపడదు. ఎప్పటినుంచో అంతే. నిన్న మీరు అడిగితే అబద్ధం చెప్పాను. మీ కాళ్ళు పట్టుకుంటాను, వెళ్ళకండి. ఆయన కిందే ఉన్నారేమో!"

గైడు ఒక్క క్షణం ఆమెనే చూసింది. కసురుకుంటుందేమో అనిపించింది. కసురుకోలేదు. భుజం మీది తాడు కింద పడేసి విప్పసాగింది.

"అయితే మనం ఆయన కంటికి కనిపించాలి."

టార్చి వెలిగించి తాడు చివర కట్టింది. కూతురు మెడలోని పసుపుపచ్చ మఫ్లరు దానికి చుట్టింది. మెల్లగా అంచు కిందికి వదిలి, అటూ ఇటూ ఊపింది. ఏమీ లేదు. కొంచెం పక్కకు జరిగి మళ్ళీ వదిలింది. తల్లీకూతుళ్ళు ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని ఆ తాడునే చూస్తూ నిలబడ్డారు.

తాడు చటుక్కున బిగుసుకుంది. వదులైంది. మళ్ళీ బిగుసుకుంది.

"ఉన్నారు!" అంది గైడు. కూతురు ఉన్నచోటనే కూలబడి ఏడ్చేసింది.

గైడు సంచీలోంచి ఇంకో తాడు తీసి కట్టుకుని దిగింది. మేనేజరూ ఆయన తమ్ముడూ పైన పట్టుకున్నారు. ఆయన అంత లోతునేమీ లేడు. ఒక చెట్టు వేరు దగ్గర, చాప వెడల్పు రాతి మీద చిక్కుకుని ఉన్నాడు. మణికట్టు విరిగింది. ఛాతీకి దెబ్బ తగిలి గొంతు పెగలక, మూలుగు తప్ప మాట రాలేదు. పైనుంచి పిలుస్తున్నారని తెలిస్తే రాయి పుచ్చుకుని కొట్టయినా చప్పుడు చేసేవాడు. ఎవరూ పిలవడం లేదనుకున్నాడు. అందరూ దారి తప్పి వెళ్ళిపోయారనుకుని, తానే పాకి దిగుదామని పక్కకు కాలు చాపుతుండగా, మంచులో పసుపు వెలుతురు కనిపించిందట. ఆ కాలు చాపిన వైపు నేల లేదు.

పైకి తెచ్చాక ఆయన భార్య ముఖంలోకి చూసి, గుసగుసగా, "చూశానే! అది ఎరుపు కాదు, నారింజ కూడా కాదు..." అన్నాడు.

"మీ పిట్ట మండిపోను!" అని ఆమె ఆయన్ని గుండెకు హత్తుకుని భోరుమంది.

బసకు చేరాక, చేతికి కట్టు కట్టించుకుని పొయ్యి పక్కన కూర్చున్నప్పుడు ఆయనే నోరు విప్పాడు.

"మా నాన్నకి చెముడు. చుట్టాలంతా చేరితే మా మావయ్యలు ఆయన ముందుకొచ్చి ఉత్తినే పెదాలు కదిపేవాళ్ళు. ఆయన 'అవునవును' అనేవాడు. ఇల్లంతా పడిపడి నవ్వేది. ఆయన కూడా నవ్వేవాడు, ఎందుకు నవ్వుతున్నారో తెలియక. ఆ నవ్వు నా మీద పడకూడదనుకున్నాను. పడినా ఫరవాలేదు, లోయలో పడకుండా ఉంటే చాలని ఇప్పుడనిపిస్తోంది."

"నేనూ అదే చేశాను కదా నాన్నా," అంది కూతురు తలదించుకుని. ఆయనకు వినపడలేదు. ఆ సంగతి గ్రహించి ఆమె లేచి వచ్చి, ఆయన ఎదురుగా కూర్చుని, ఆయన చూస్తుండగా మళ్ళీ అదే మాట అంది. ఆయన బాగున్న చేత్తో ఆమె తల నిమిరాడు.

ఊరికి తిరిగొచ్చాక చెవుల డాక్టరు పరీక్ష చేశాడు. ఏళ్ళ తరబడి యంత్రాల మోత వల్ల వచ్చిన నష్టమేనన్నాడు. ఎప్పుడో రావలసిందని మందలించి, చెవికి పెట్టుకునే మిషన్ ఇచ్చాడు. మొదట్లో ఆయనకు దాంతో చచ్చే చావైంది. పేపరు మడిస్తే బట్ట చింపినట్టు, కుళాయి తిప్పితే వరద వచ్చినట్టు ఉండేది. విసిరికొడతానన్నాడు. భార్య బతిమాలింది, కసిరింది, పక్కన కూర్చుంది. నెమ్మదిగా అలవాటైంది.

విరిగిన చెయ్యి చూసి పోదామని ఒకనాడు బంధువులు వచ్చారు. గది నిండుగా ఉంది. ఫోర్‌మన్ సొంత తమ్ముడు పాత అలవాటు కొద్దీ, గొంతు తగ్గించకుండానే, పక్కవాళ్ళతో అన్నాడు: "ఎంత అరిచినా ఆగలేదట. చెవిటి మాలోకం! తను పడ్డ చప్పుడు కూడా తనకి వినపడి ఉండదు!"

కిసకిసలు మొదలయ్యాయి. ఫోర్‌మన్ చేతిలోని కప్పు కింద పెట్టాడు.

"వినపడిందిరా తమ్ముడూ," అన్నాడు మెల్లగా. "ఇన్నేళ్ళూ నా ముందే ఇలాంటివి ఎన్నన్నావో తెలియదు. ఇవాళ మొదటిది విన్నాను."

తమ్ముడి ముఖం నల్లబడింది. "సరదాకన్నాను అన్నయ్యా..." అంటూ వదిన వైపు చూశాడు. ఎప్పుడూ సర్దేది ఆవిడే కదా. ఆమెకూ సర్దే మాట అలవాటుగా నాలుక మీదికి వచ్చింది. ఈసారి దాన్ని అక్కడే ఆపేసింది.

"సరదా కాదు నాయనా," అంది. "చూపు మసకబారితే కళ్ళజోడు పెట్టుకుంటాం. దాన్ని చూసి ఎవరూ నవ్వరు. చెవి మందగిస్తే మాత్రం ఇంటిల్లిపాదికీ వేడుక. ఆ వేడుకకి భయపడి ఈయన దాచారు. ఈయన దాచారని నేనూ దాచాను. మీరందరూ నవ్వారు, నేను కప్పిపుచ్చాను. మనమంతా కలిసే ఈయన్ని ఆ అంచుదాకా నడిపించాం."

తమ్ముడు లేచి, తన కుర్చీ జరుపుకుని అన్నగారికి ఎదురుగా వేసుకుని కూర్చున్నాడు. ఆయన ముఖంలోకి చూస్తూ, ఒక్కొక్క మాటే స్పష్టంగా, "చెయ్యి ఎలా ఉందన్నయ్యా?" అని అడిగాడు.

వినికిడి తగ్గడం ఎవరి తప్పూ కాదు. దాన్ని చూసి నవ్వడం తప్పు, ఆ నవ్వుకు జడిసి దాచడం ప్రాణానికే ముప్పు. మీ ఇంట్లో పిలిచినా పలకని మనిషి ఉంటే, నవ్వకండి, వెళ్ళి ఆ మనిషి ఎదురుగా కూర్చోండి.